స్పానిష్ పాడ్‌కాస్టులు, తెలుగు చెవులు

స్పానిష్ నేర్పే పాడ్‌కాస్టుల్లో ఎక్కువ భాగం ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ల కోసం తయారైనవే. ఆ సంగతి పట్టించుకోకుండా వింటే మనకు అక్కర్లేని పాఠాలు గంటలకొద్దీ వింటాం, కావలసినవి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ పోస్టులో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఉదాహరణలు, కాస్త నా సోది.

నేను రిటైరైన తెలుగు టీచర్ని. మావాడు కొలంబియా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కోడలికి ఇంగ్లీష్ బాగా వచ్చు, బొగోతాలో ఉండే వాళ్లమ్మకి అస్సలు రాదు. వీడియో కాల్‌లో వియ్యపురాళ్లం ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకోవడం, చేతులు ఊపుకోవడం, తర్వాత ఫోన్ పిల్లలకి ఇచ్చేయడం. ఎన్నాళ్లని నవ్వుతాం? ఆవిడని నోరారా "వదినగారూ" అని పిలిచి నాలుగు మాటలు మాట్లాడాలని నాకుంది. "అత్తయ్యా, రోజూ కాసేపు ఇవి వినండి" అంటూ కోడలే నా ఫోన్‌లో పాడ్‌కాస్టులు పెట్టిచ్చింది.

మొదట విన్నది కాఫీ బ్రేక్ స్పానిష్. స్కాట్లాండ్ నుంచి మార్క్ పెంటెల్టన్ 2006లో మొదలుపెట్టాడు. మంచి మాస్టారు. తొందరపడడు, చెప్పిందే విసుక్కోకుండా మళ్లీ చెబుతాడు. ఏళ్ల తరబడి క్లాసులో నిలబడినదాన్ని, ఆ ఓపిక విలువ నాకు తెలుసు. కాకపోతే ఇలాంటి పాఠాలు ఏవి నాలుగైదు విన్నా ఒకటి అర్థమవుతుంది. ఇంగ్లీష్‌వాళ్లు గట్టిగా కుస్తీ పట్టే చోట్లలో సగం మనకు చిన్నప్పుడే అయిపోయాయి.

క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది కాబట్టి "నేను" అనక్కర్లేదని వాళ్లు నచ్చజెప్పుకుంటూ వస్తారు. "వెంగో మఞానా" అంటే "రేపు వస్తాను". మనం "నేను" ఎప్పుడన్నాం గనక? చిన్నవాళ్లని "తూ", పెద్దవాళ్లని "ఉస్తేద్" అనాలన్నది ఇంకో పాఠం. అన్నిటికంటే "గుస్తార్", అంటే నచ్చడం, అనే క్రియ దగ్గర వాళ్ల అవస్థ చూడాలి. ఇష్టపడే మనిషి కర్త కాదు, ఇష్టమైన వస్తువే కర్త అని బొమ్మలు గీసినంత పని చేస్తారు. "ఆ మి ఎర్మానా లే గుస్తాన్ లోస్ గాతోస్". మా చెల్లికి పిల్లులు నచ్చుతాయి. చెల్లికి "కి" విభక్తి, క్రియ పిల్లులతో పాటు బహువచనం, అంతా మన తెలుగు వాక్యమే. "మే దువేలే లా కబేసా" కూడా అంతే, నాకు తల నొప్పిగా ఉంది. ఇలాంటి ఎపిసోడ్లను మొహమాటం లేకుండా దాటేశాను. ఆకలి దగ్గర మాత్రం దారి వేరు. "తెంగో ఆంబ్రే" అంటారు స్పానిష్‌వాళ్లు, ఆకలి తమ దగ్గర ఉన్నట్టు.

అమెరికా దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ స్పానిష్‌ని సులువైన భాషల గుంపులో పెట్టి, 24 నుంచి 30 వారాల క్లాసులు చాలంటుంది. అది ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ల లెక్క. మనకి కొన్నిచోట్ల అంతకంటే తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ.

ఉచ్చారణ కూడా తక్కువ పడే చోటే, ఇంగ్లీష్ అక్షరాలు కళ్లముందు పెట్టుకోనంత వరకు. ఆ "టి", "డి" అక్షరాలు చూడగానే మన నోరు అలవాటుగా ట, డ అంటుంది. స్పానిష్‌లో అవి త, ద. నాలిక పళ్లకి ఆనించి, ఒత్తు లేకుండా పలకాలి. అందుకే మొదట్లో నోట్సంతా తెలుగు లిపిలోనే రాసుకున్నాను. వర్ణమాలలో ఊరికే కూర్చున్న ఞ కి కూడా ఉద్యోగం దొరికింది. "మఞానా", "ఎస్పఞోల్" అని రాసుకుంటే పలకడంలో తేడా రాదు. "పెరో" అంటే కానీ, "పెఱో" అంటే కుక్క. పిల్లలకి బండి ఱ నేర్పుతూ దాన్ని ర లాగే పలికినదాన్ని, ఇప్పుడు దాన్ని నిజంగా దొర్లించాల్సి వస్తోంది. తెలుగు లిపికీ కొన్ని లొంగవు. "హువాన్" అని రాస్తాం గానీ ఆ హ గొంతులోంచి గరగరమని రావాలి. బ, వ రెండూ వాళ్లకి ఒకటే ధ్వని, అచ్చుల మధ్య అది ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో పలుకుతుంది. వాటికి చెవి తప్ప వేరే దారి లేదు.

చెవికి నిజమైన పని మాటల వేగం దగ్గర పడుతుంది. స్పానిష్‌వాళ్లు గుక్క తిప్పుకోరని అందరూ అనుకునేదే. 2011లో ఫ్రాన్స్‌లోని లియాన్ పరిశోధకులు దాన్ని కొలిచారు. స్పానిష్‌లో సెకనుకు సగటున 7.82 అక్షరాలు, ఇంగ్లీష్‌లో 6.19. అక్షరం అంటే ఇంచుమించు మనం పద్యపాదంలో లెక్కపెట్టే అక్షరమే. ఒక్కో అక్షరం మోసే అర్థం తక్కువ కాబట్టి మొత్తం మీద చెప్పే విషయం దాదాపు సమానమేనట. ఆ ఓదార్పు వినేవాళ్ల చెవికి ఏం పనికొస్తుంది?

అసలు చిక్కు వేగం కూడా కాదు, సంధి. ఒక వాక్యం చూడండి: "కే వా ఆ అసేర్ ఉస్తేద్ అవోరా?" మీరిప్పుడు ఏం చేయబోతున్నారు అని. కాగితం మీద ఆరు మాటలు. చెవికి వచ్చేది "కేవాసేరుస్తేదవోరా". వా, ఆ, అసేర్ మూడూ కలిసి "వాసేర్" అయ్యాయి, సవర్ణదీర్ఘ సంధి అనుకోండి. "అసేర్" చివర ర్ వెళ్లి "ఉస్తేద్"లోని ఉ మీద ఎక్కింది, ద్ వెళ్లి తర్వాతి అకారం మీద ఎక్కింది. పాడ్‌కాస్ట్ వేగాన్ని 0.75కి తగ్గించమని చాలామంది సలహా ఇస్తారు. తగ్గించినా సంధి విడిపోదు, సాగుతుంది అంతే. ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మాట్లాడిందంతా రాసిపెట్టిన కాగితం, ముందు పెట్టుకుని ఆ అతుకులు విడదీయాలి. నేను ఒక ఎపిసోడ్‌లో రెండు నిమిషాల ముక్క తీసుకుంటాను. ముందు ఊరికే వింటాను. తర్వాత కాగితం చూస్తూ వింటూ, మాటలు కలిసిన చోటల్లా పెన్సిల్‌తో కింద చిన్న వంపు గీస్తాను. కాగితం పక్కన పెట్టి మళ్లీ వింటే, అంతకుముందు ఒకే ముద్దగా వినిపించింది మాటలు మాటలుగా వినిపిస్తుంది. సంధి విడదీసి రాయండి అని పిల్లల్ని వేధించిన పాపం ఇలా తిరిగొచ్చిందని మావాడు నవ్వుతాడు.

అందుకే ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వని పాడ్‌కాస్ట్ ఎంత బాగున్నా మొదటి ఏడాది దాని జోలికి వెళ్లొద్దంటాను. డుయోలింగో స్పానిష్ పాడ్‌కాస్ట్ ట్రాన్‌స్క్రిప్టులు ఇస్తుంది. నిజంగా జరిగిన కథల్ని నిదానమైన స్పానిష్‌లో చెప్పిస్తూ, మధ్యమధ్య ఇంగ్లీష్‌లో అందిస్తారు. కథ తెగకుండా ఉండేది ఆ ఇంగ్లీష్ వల్లే. బద్ధకం వచ్చేదీ దానివల్లే, ఎలాగూ వెనక చెబుతారులే అని చెవి మూసుకుంటుంది. నేను ఇంగ్లీష్ ముక్క రాగానే ముందుకి జరిపేసేదాన్ని. కోడలి సలహాతో తర్వాత ఎస్పఞోలిస్తోస్ పట్టుకున్నాను. కొలంబియా ఆవిడ ఆండ్రియా, ఆవిడ అమెరికన్ భర్త నేట్ ఇద్దరూ స్పానిష్‌లోనే కబుర్లు చెప్పుకుంటారు. ఆయన స్పానిష్ పరాయివాడి స్పానిష్ కావడం మనకు మేలు. ఆవిడ మాట అందకపోయినా ఆయన మాట అందుతుంది. యాస కూడా నాకు కావలసినదే. ఏ దేశం వాళ్లతో మాట్లాడాలో తేల్చుకోకుండా పాడ్‌కాస్ట్ ఎంచుకోకండి. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20, తలా ఒక తీరు.

ఇక మన లెక్క ఎక్కువ పడే చోటు లింగం. తెలుగులో బల్ల, చెయ్యి, సమస్య అన్నీ అమహత్తు అనేసి చేతులు దులుపుకుంటాం. స్పానిష్‌లో చెయ్యి స్త్రీలింగం, "లా మానో". పటం పుంలింగం, "ఎల్ మాపా". హిందీ వచ్చినవాళ్లకి కొంత నయం. దీన్ని చెవితో పట్టుకోవడం కష్టం, ఎల్, లా రెండూ పక్క మాటలో కలిసిపోతాయి. కంటితో చదవాలి. నాకు బ్లాగులు పనికొచ్చింది ఇక్కడే. నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి కాదు, స్పెయిన్‌వాళ్లు తమవాళ్ల కోసం రాసుకునే వంటల బ్లాగులు. వాటిలో వాక్యాలు పొట్టివి, వరస ముందే తెలుసు, పక్కన ఫొటో ఉంటుంది. "పెలామోస్ లాస్ పతాతాస్", బంగాళాదుంపలు చెక్కు తీస్తాం. "బతిమోస్ లోస్ వేవోస్", గుడ్లు గిలకొడతాం. ప్రతి నామవాచకం తన ఎల్, లా లను (బహువచనమైతే లోస్, లాస్) వెంటపెట్టుకునే వస్తుంది. బంగాళాదుంపల ఆమ్లెట్‌లో ఉల్లిపాయ వేయాలా వద్దా అని అక్కడ పెద్ద తగువే ఉంది. ఆ తగువులో రెండు పక్షాల వాదనలూ చదివితే "నా ఉద్దేశంలో", "అస్సలు కుదరదు" లాంటివి ఏ పాఠమూ అక్కర్లేకుండా వచ్చేస్తాయి. కొలంబియాలో "పతాతా" కాదు "పాపా" అని కోడలు దిద్దింది, అది వేరే సంగతి.

ఒకరోజు చదువుతుంటే "ఎల్ ఆగ్వా ఫ్రియా", చల్లని నీళ్లు, అని కనిపించింది. ఎల్ చూస్తే నీళ్లు పుంలింగం, ఫ్రియా చూస్తే స్త్రీలింగం. ఊనికతో పలికే అకారం మొదట్లో ఉన్న స్త్రీలింగ పదాలకి ఏకవచనంలో ముందు "లా" బదులు "ఎల్" వస్తుందట. వినసొంపు కోసం వ్యాకరణం పక్కకి జరగడం మనకు కొత్తా? ఇలాంటి సందేహాలకి ఫుందెఉ సైటు చూస్తాను. 2005లో మొదలైన సంస్థ, పత్రికల్లో వచ్చే వాడుకల మీద రోజుకో సలహా రాస్తుంది. ఒక్కో సలహా చదవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. భాష గురించి ఆ భాషలోనే చదవడం నా మటుకు నాకు పండగ. వ్యాకరణం అంటే పడనివాళ్లు వంటలతోనే సరిపెట్టుకోండి.

ఇప్పుడు వింటున్నది రేడియో అంబులాంటే. 2012లో మొదలైంది. లాటిన్ అమెరికా అంతటా తిరిగి అక్కడి మనుషుల కథలు వాళ్ల గొంతులతోనే వినిపిస్తారు, ట్రాన్‌స్క్రిప్టులు సైట్లో ఉంటాయి. కష్టంగానే ఉంది. ఒక చిలీ మనిషి మాట్లాడుతుంటే పెన్సిల్ కింద పెట్టేసి కథ మాత్రం చదువుకున్నాను.

వియ్యపురాలితో మాటలు సాగుతున్నాయి. ఆవిడ ఒకసారి కూతురిని "ఉస్తేద్" అంటుంటే నేను కంగారుపడ్డాను, ఏమైనా పోట్లాడుకున్నారా అని. పెద్దవాళ్లకీ కొత్తవాళ్లకీ మాత్రమే ఉస్తేద్ అనాలని పాఠాలన్నీ చెప్పాయి. బొగోతాలో సొంత పిల్లల్ని కూడా అలా అంటారట, అందులో దూరం ఏమీ లేదట. కోడలు చెప్పింది, ఆవిడ నవ్వింది, నాలుగు వాక్యాలు దాని మీదే మాట్లాడుకున్నాం.

వియ్యంకుడి సంగతే తేలడం లేదు. ఆయన పుట్టింది కరీబియన్ తీరంలో, బర్రాంకియాలో. అక్కడ మాట మధ్యలో, చివర్లో స్ వస్తే హ్ లాగా వదిలేస్తారు. "కోమో ఎస్తాస్" అని మనం నేర్చుకున్నది ఆయన నోట "కోమో ఎహ్తాహ్". ఆ యాసలో తీరిగ్గా మాట్లాడే పాడ్‌కాస్ట్, అదీ ట్రాన్‌స్క్రిప్ట్‌తో, మీకు తెలిస్తే చెప్పండి. అప్పటిదాకా ఆయనతో మాట్లాడాలంటే కోడలు పక్కన ఉండాల్సిందే.