నాబ్ తిరగడానికి కాస్త చోటు

ఆదివారం, హనుమకొండ.

గిటార్ సిగ్నల్‌ను పెంచి టోన్ దిద్దే ప్రీఆంప్ పెడల్ కొన్నప్పటి నుంచి ఇంట్లో గిటార్ వాయించాలంటే టెన్షన్‌గానే ఉంటోంది. వాల్యూమ్ నాబ్ వెంట్రుకవాసి కదిపితే గది దద్దరిల్లుతుంది, తగ్గిస్తే అసలు వినిపించదు. కింది పోర్షన్‌లో పిల్ల ఇంటర్ పరీక్షలకు చదువుతోంది. మొన్న వాళ్లమ్మ మెట్ల దగ్గర ఆపి, "తమ్మీ, జర సౌండ్ తక్కువ పెట్టరాదు, పిల్లకు పరీక్షలున్నయ్" అంది. "సరే అక్కా" అన్నాను. ఆమె అడిగిన తీరుకే ఈ సౌండ్ సంగతి ఇవాళ ఎలాగైనా తేల్చాలనిపించింది.

గిటార్ పికప్ (తీగల కదలికను పట్టే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. ఆంప్ (యాంప్లిఫైయర్) ముందున్న ఇన్‌పుట్‌ను దానికోసమే చేస్తారు. పెడల్ ఆ సిగ్నల్‌ను లైన్ లెవెల్ (ఆడియో పరికరాల మధ్య నడిచే పెద్ద సిగ్నల్) దాకా పెంచాక మళ్లీ ముందు ఇన్‌పుట్‌కే ఇస్తే, ఆంప్‌లోని ప్రీఆంప్ ఇంకోసారి పెంచుతుంది. మోత ఒక్కటే కాదు, బాస్ కూడా ముద్దయిపోతుంది. అందుకే నేను ఆంప్‌లోని ప్రీఆంప్‌ను దాటేసి లోపలికి పంపే జాక్‌లో, అంటే వెనక ఉన్న ఎఫెక్ట్స్ లూప్ రిటర్న్‌లో పెడతాను. టోన్ బాగుంటుంది. కాకపోతే నా ఆంప్‌లో మాస్టర్ వాల్యూమ్ రిటర్న్‌కు ముందే ఉంది (కొన్నింట్లో తర్వాత ఉంటుంది, వాళ్లకు ఈ బాధ లేదు). ఇక సౌండ్ తగ్గించడానికి పెడల్ నాబ్ ఒక్కటే దిక్కు.

చిన్న ఆంప్ కొనుక్కోమంటారు చాలామంది. నేనొప్పుకోను. 50 వాట్ల నుంచి 5 వాట్లకు దిగినా తగ్గేది 10 డెసిబెల్సే, చెవికి సుమారు సగం. ఈ గదికి అదీ ఎక్కువే.

అందుకే పెడల్‌కూ ఆంప్‌కూ మధ్య పెట్టే వాల్యూమ్ డబ్బా చేద్దామని చౌరస్తా వైపు వెళ్లి ఒక 25కే పాట్ (నాబ్‌తో తిప్పే 25 కిలో ఓమ్‌ల రెసిస్టర్), రెండు జాక్‌లు, చిన్న ఇనుప డబ్బా తెచ్చాను. షాపతను ముందు లీనియర్ పాట్ ఇచ్చాడు. "గిదే నడుస్తది అన్నా" అన్నాడు. నాకు లాగ్ పాటే కావాలని వెతికించాను. లీనియర్‌ను సగానికి తిప్పితే తగ్గేది 6 డెసిబెల్సే, మిగతా తగ్గుదలంతా చివర్లో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. లాగ్‌లో సగానికే 16 నుంచి 20 దాకా తగ్గుతుంది. వేలికి పట్టు దొరికేది అక్కడే.

పాట్‌కు మూడు కాళ్లు. ఒక చివరికి పెడల్ నుంచి వచ్చే వైరు, నడిమి కాలికి ఆంప్‌కు వెళ్లే వైరు, రెండో చివర గ్రౌండ్. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ముందు కాలిని కాల్చి, తర్వాతే లెడ్ (సోల్డర్ తీగ) ఆనిస్తే అది మెరుస్తూ పారి కాలి చుట్టూ కూర్చుంటుంది. ఆ మెరుపు కనిపిస్తే జాయింట్ బాగున్నట్టే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ డబ్బాను ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య ఎప్పుడూ పెట్టకూడదు. అక్కడి కరెంటుకు పాట్ మాడిపోతుంది, వాక్యూమ్ ట్యూబులతో నడిచే ట్యూబ్ ఆంప్ అయితే అదీ పాడవుతుంది.

పెడల్‌కూ రిటర్న్‌కూ మధ్య డబ్బా కలిపి, పెడల్ వాల్యూమ్ సగంలో ఉంచి, డబ్బా నాబ్ మెల్లగా తిప్పాను. ఎంత హాయిగా ఉందో! వాయిస్తూనే పక్క గదిలో అమ్మతో మామూలు గొంతుతో మాట్లాడాను. బాస్ కొంచెం తగ్గినట్టు అనిపించింది. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవి బాస్‌ను తక్కువగా వింటుంది. శబ్ద పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. పెడల్‌లో బాస్ కాస్త పెంచితే సరిపోయింది.

రేపు కాజీపేటలో ప్రాక్టీస్. అక్కడ డ్రమ్స్ ఉంటాయి కాబట్టి డబ్బా నాబ్ బాగా పెంచి బాస్ మళ్లీ తగ్గించాలి. ఇంటి సెట్టింగ్ గుర్తుండేలా డబ్బా మీద తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టి ఆరబెట్టాను.