వలందపాలెం నుంచి వలందుల దేశానికి

బందరులో ఫరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది. మా అమ్మమ్మ వాళ్లిల్లు వలందపాలెంలోనే. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. అయినా ఆ పేరెలా వచ్చిందని ఎవర్నీ అడగలేదు. వలందులంటే హాలండు వాళ్లని, డచ్చివాళ్లని నాకు తెలిసింది పెళ్లయ్యాక, మా ఆయన ఉద్యోగం వల్ల ఈ దేశం వచ్చి, వాళ్ల భాష నేర్చుకునే క్లాసులో కూర్చున్నాక.

మేముండేది ఆమ్‌స్టర్‌డామ్ కాదు. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ రాష్ట్రం, లేవార్డెన్ ఊరు. ఎటు చూసినా పచ్చిక, కాలవలు, ఆవులు. వచ్చిన కొత్తలో సైకిలు తొక్కుతుంటే ఎదురుగాలికి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అది గాలి వల్లో ఇంటి మీద బెంగ వల్లో నాకే తెలిసేది కాదు. భూమి మాత్రం మా పెడన వైపు భూమిలా బల్లపరుపుగా ఉంటుంది. కాలవ గట్టు మీద నిలబడితే కాస్త ధైర్యంగా ఉండేది.

2017లో ఇక్కడి ఫ్రీస్ మ్యూజియంలో ‘సిట్స్’ అనే ప్రదర్శన పెట్టారు. ఏంటో చూద్దామని వెళ్లాను. లోపలికెళ్తే అద్దాల వెనక మా ఊరి గుడ్డలు. ఎర్రటి పూలు, మెలికలు తిరిగే తీగలు, నల్లటి సన్న గీత. మూడొందల ఏళ్లయినా ఆ ఎరుపు వెలిసిపోలేదు. ‘సిట్స్’ అని రెండుసార్లు పైకి అనుకుంటే అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. ఆవిడ పూల గుడ్డని చీటీ గుడ్డ అనేది. చిన్నప్పుడు నాకు కుట్టించింది చీటీ పరికిణీ. ఒకే మాట అటు సముద్రం దాటింది, ఇటు మా ఇంట్లో మిగిలింది.

మా నాన్నగారి వైపు వాళ్లది పెడనలో కలంకారీ పని. తాతయ్య మొలలోతు కాలవ నీళ్లలో నిలబడి గుడ్డలు జాడించేవాడు. బాబాయి ఇప్పటికీ అచ్చులు కొడతాడు. నేను డిగ్రీ చదివి ఆ పని నుంచి బయటపడ్డానని ఇంట్లో అందరూ సంతోషించారు. నేను కూడా. అలాంటిది ఆ రోజు అద్దం ముందు నిలబడి బాబాయికి ఫోన్ చేశాను.

డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1602లో. 1605లో వాళ్ల ఓడ బందరు చేరింది. ఆ మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను దగ్గర వ్యాపారానికి అనుమతి తెచ్చుకున్నారు. అప్పుడు సుల్తాను హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే. డచ్చివాళ్లకి ముందు కావలసింది గుడ్డ కాదు, జాజికాయ, లవంగం. అవి దొరికే ఇండోనేషియా దీవుల్లో మన తీరం గుడ్డకి గిరాకీ ఉండేది. అందుకని గుడ్డ కొని, దాంతో మసాలాలు కొన్నారు. తర్వాత తమ దేశానికీ ఆ గుడ్డ తెచ్చారు. ఉతికినా రంగు పోని పూల నూలుగుడ్డ ఇక్కడి వాళ్లకి కొత్త. హిండెలోపెన్ అనే చిన్న రేవు ఊరి ఆడవాళ్లు దాంతో పొడుగాటి కోట్లు కుట్టించుకున్నారు. వాటిని వెంట్కె అంటారు. ఇక ఎరుపు విషయానికొస్తే, అది చిరివేరు అనే మొక్క వేరు నుంచి వస్తుంది. కృష్ణా డెల్టా గవ్వల నేలలో పెరిగిన చిరివేరుకి మంచి పేరు. డచ్చివాళ్లు పెటపులి అని పిలిచిన మన నిజాంపట్నం ఎరుపు అప్పట్లో ప్రసిద్ధి.

ఆ ప్రదర్శన చూసిన రెండేళ్ల తర్వాత ఒక చిన్న మ్యూజియంలో విద్యావిభాగంలో పని దొరికింది. పేరు చెప్పను. గంటల లెక్కన జీతం. బడిపిల్లల బృందాలుంటే పిలుస్తారు, లేకపోతే లేదు. అయినా నా మెడలో బ్యాడ్జి వేసుకున్న రోజున ఇంటికి ఫోటో పంపాను.

మొదటి పెద్ద కార్యక్రమానికి నన్ను చీర కట్టుకుని రమ్మన్నారు. ద్వారం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి నమస్కారం పెట్టి మసాలా టీ ఇవ్వమన్నారు. లోపల గుడ్డల గురించి మాట్లాడింది వేరేవాళ్లు. చీర కట్టడం నాకు ఇష్టమే, టీ ఇవ్వడం తప్పు కాదు. కానీ లోపల ఒకాయన నల్ల గీతను ‘ఏదో తుప్పులాంటి రంగు’ అని వివరిస్తుంటే ట్రే పట్టుకుని ఊరుకోవలసి వచ్చింది. ఆ నలుపు ఎలా తయారవుతుందో నాకు తెలుసు. ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రోజుల తరబడి మాగబెడతారు. మేం దాన్ని కసిం అంటాం. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది పడగానే నల్లగా మారుతుంది. చిన్నప్పుడు ఆ కుండ వాసనకి ముక్కు మూసుకుని పరిగెత్తేదాన్ని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా పై అధికారి దగ్గరికి వెళ్లి, నా డచ్చి భాషలో తప్పులు దొర్లుతున్నా సరే, చెప్పాను. ‘ఈసారి నేను టీ ఇస్తాను, గుడ్డ గురించి కూడా మాట్లాడతాను’ అని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుర్చీ చూపించి, కసిం గురించి మొదటి నుంచి చెప్పమంది. సంస్కృతుల మధ్య సంభాషణ అనే మాట మా ఆఫీసు కాగితాల్లో ప్రతి పేజీలోనూ ఉండేది. నాకు అర్థమైనంతలో అది మొదలైంది ఆ కుర్చీ దగ్గర. పని తెలిసినవాళ్లని అలంకారంగా నిలబెట్టినంతకాలం మనం ఎన్ని పండగలు జరిపినా అక్కడ మాటలు నడవవు.

పిల్లలతో పని వేరే లోకం. పెడన నుంచి బాబాయి టేకు అచ్చులు పంపాడు, పన్నెండు. పిల్లలు ముందు గట్టిగా కొట్టి రంగంతా అలికేస్తారు. అచ్చుని పెట్టి, మీద పిడికిలితో ఒక్కసారి నొక్కాలని చూపిస్తాను. రెండో రంగు అచ్చు మొదటిదాని మీద సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా పువ్వు పాడవుతుంది. అది అర్థమయ్యాక గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది. కలంకారీ గొప్పదని నేను ఉపన్యాసం ఇస్తే ఆ నిశ్శబ్దం రాదు. చేతికి కష్టం తెలిస్తే వస్తుంది.

ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో ఫ్రీసియన్ మాట్లాడతారు. డచ్చి వేరు, ఫ్రీసియన్ వేరు. తమ భాష చిన్నదైపోతుందన్న బాధ ఇక్కడి పెద్దవాళ్లకుంది. అందుకే నేను తెలుగు అక్షరాలు రాసి చూపిస్తే వాళ్లు ఊరికే వింతగా చూడరు. ‘మీ పిల్లలకి ఇది వచ్చా?’ అని అడుగుతారు. మా అబ్బాయికి మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఆ ప్రశ్న విన్న వారం నుంచే ఆదివారాలు వాడికి ఓనమాలు మొదలుపెట్టాను.

ఒకసారి ఎనభై దాటిన ఒకావిడ మనవరాలితో వచ్చారు. అమ్మమ్మనీ నానమ్మనీ ఫ్రీసియన్‌లో బెప్పె అంటారు. ఆ బెప్పె సంచిలోంచి పాత దిండుగలేబులో చుట్టిన చంటిపిల్లల చొక్కా తీశారు. పైన మామూలు గుడ్డే. లోపల అస్తరు మాత్రం చీటీ. అదీ ఒక్క ముక్క కాదు. అరచేతిలో సగం కూడా లేని ముక్కలు ఏడెనిమిది అతికి కుట్టారు. పాత కోటు చిరిగాక మిగిలిన పీలికలన్నమాట. మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది, మాసిక మీద మాసిక వేసేది. ఫోన్‌లో ఆ బొంత ఫోటో చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని కుట్టు వరస చూశారు. మేమిద్దరం చాలాసేపు సూదుల గురించి, దారం గురించి మాట్లాడుకున్నాం. నీలం, తెలుపు కలిసిన చీటీని తమ ఊళ్లో మైలలో వేసుకునేవారని ఆవిడే చెప్పారు. మన వైపు తెలుపు గురించి నేను చెప్పాను. మా తాతయ్య పోయాక నానమ్మ పూల చీర కట్టలేదని కూడా చెప్పాను. ఆ మాట అంతకుముందు ఈ దేశంలో ఎవరితోనూ అనలేదు.

గుడ్డల్ని భద్రపరిచే విభాగంలో ఒక ముక్క మీద సందేహం వచ్చింది. నల్ల గీత కొన్ని చోట్ల అంచు దాటి పాకింది. తడి తగిలి పాడైందా, చేసినప్పుడే అలా ఉందా? వీడియో కాల్‌లో బాబాయిని పిలిచాను. బాబాయి కొన్నేళ్లు కలంతో కూడా పనిచేశాడు. ఇక్కడ ముగ్గురు తెల్లకోట్ల వాళ్లు, అక్కడ బనీనులో బాబాయి, మధ్యలో నేను. చూడగానే అన్నాడు: ‘పాలు చాల్లేదమ్మడూ. కరక్కాయలో గేదెపాలు సరిపడా పడితే కలం గీత నిలబడుద్ది. లేకపోతే ఇలా పాకుద్ది.’ ఎంత పాలు, ఎన్ని గ్రాముల కరక్కాయ అని వీళ్లడిగారు. గుడ్డ పిండేటప్పుడు చేతికి తగిలే జిడ్డును బట్టి తెలుస్తుందన్నాడు. దాన్ని డచ్చిలోకి తేవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. వాళ్లు ఓపిగ్గా రాసుకున్నారు.

కాల్ అయ్యాక నాకు భయం వేసింది. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి మతగురువు మన తీరపు అద్దకం విధానమంతా వివరంగా ఉత్తరం రాసి తన దేశానికి పంపాడు. తెలుగు నిఘంటువు కూర్చిన పండితుడే ఆయన. సంస్కృతానికీ లాటిన్‌కీ చుట్టరికముందని గమనించినవాడు. ఆయనకి ఆ రహస్యాలు చెప్పింది మతం మారిన అద్దకం పనివాళ్లు. వాళ్ల పేర్లు మనకి తెలియవు. ఐరోపాలో గుడ్డలద్దేవాళ్లు అలాంటి వివరాల కోసం ఎదురుచూస్తున్న కాలం అది. మళ్లీ అదే పని నా చేత్తో చేస్తున్నానా అని బాబాయినే అడిగాను. ‘చెప్పమ్మడూ, దాచుకుంటే మాత్రం ఇక్కడ నేర్చుకునేవాళ్లెవరున్నారు? కానీ పెడన అని రాయమను. నా పేరూ రాయమను’ అన్నాడు. రాశారు. దానికి మూడు మీటింగులయ్యాయి, ఐనా రాశారు. ఆయన సమయానికి డబ్బు కూడా పంపారు. అడగడానికి నాకు మొహమాటం వేసింది కానీ అడిగాను.

ఇంకో విషయంలో అంత సులువుగా జరగలేదు. ఇదే కంపెనీ ఇదే తీరం నుంచి, కరువు రోజుల్లో తమని తాము అమ్ముకున్న, అమ్ముడుపోయిన మనుషుల్ని బటావియాకీ (ఇప్పటి జకార్తా) సిలోనుకీ ఓడల్లో తీసుకుపోయింది. మా బడిపిల్లల పాఠంలో పూలున్నాయి, ఓడలున్నాయి, ఆ మనుషులు లేరు. ఒక వాక్యం చేర్చమని అడిగితే, పిల్లలకి బరువవుతుందన్నారు. నాకు తోడుగా నిలిచింది, దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస అయిన సురినామ్ మూలాలున్న ఒక సహోద్యోగి. సురినామ్‌లోనూ కరీబియన్ దీవుల్లోని ఈ దేశపు వలసల్లోనూ బానిసత్వం 1863 జులై 1న రద్దయింది. దానికి గుర్తుగా వాళ్లు కేటి కోటి జరుపుకుంటారు, అంటే సంకెళ్లు తెగాయని. 2023లో అదే రోజున ఇక్కడి రాజు ఆ చరిత్రకి క్షమాపణ అడిగారు. ఆ సెప్టెంబరు నుంచి మా పాఠంలో రెండు వాక్యాలు చేరాయి. పిల్లలు వాటి దగ్గర ఆగుతారు, ప్రశ్నలడుగుతారు, మళ్లీ అచ్చు చేతిలోకి తీసుకుంటారు. వాళ్లకి బరువు మోయడం వచ్చు.

కంపెనీ కాగితాలు ద హేగ్ నగరంలో జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2003లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇప్పుడు గ్లోబలైజ్ అనే పరిశోధన ప్రాజెక్టు వాటిలో సుమారు 50 లక్షల పేజీల చేతిరాతని కంప్యూటరుతో చదివించి వెతుక్కునేలా చేస్తోంది. మసులిపట్నం అని కొడితే వరసగా పేజీలొస్తాయి. పాత డచ్చి కష్టం, అయినా రాత్రిళ్లు ఒక్కో పేజీ కూడబలుక్కుంటున్నాను. కేరళ చరిత్ర పరిశోధన మండలి లైడెన్ విశ్వవిద్యాలయంతో కలిసి తమ తీరపు డచ్చి రికార్డుల పని పెట్టుకుంది. బందరు, పాలకొల్లు, భీమిలి కూడా ఆ కాగితాల్లో ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల నుంచి ఏటా ఇద్దరు పిల్లలు పాత డచ్చి నేర్చుకోవడానికి వస్తే ఎంత బాగుండునో. మా ఇంట్లో గది ఉంది, భోజనం నేను పెడతాను.

పోయినసారి బందరు వెళ్లినప్పుడు డచ్చి సమాధులు చూడ్డానికి వెళ్లాను. చిన్నప్పుడు వాటి మీది అక్షరాలు బొమ్మల్లా కనిపించేవి. ఈసారి చదవగలిగాను. మన నేల మీద చనిపోయిన వాళ్ల మనిషికి పేరుంది, తేదీ ఉంది. వాళ్ల నేల మీద బతికున్న మన గుడ్డకి ‘తయారు చేసినవారు: తెలియదు’ అనే చీటీ ఉంది. ఎండలో ఆ రాయి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను.

తిరిగొచ్చాక ఆ పాకిన గీత ఉన్న ముక్క ఫోటోలే బాబాయికి మళ్లీ పంపాను. ‘ముందువైపు కొన్నవాడు చూస్తాడు, వెనకవైపు పంపు’ అన్నాడు. అనుమతి తీసుకుని, చేతికి తొడుగులేసుకుని, గుడ్డ తిరగేసి తీసి పంపాను. రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ తీగ సగం దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు గీశారట. మొదటివాళ్లు ఆకు కొస దగ్గర కలం ఎత్తేస్తారు, రెండోవాళ్లు తిప్పి వదులుతారు. మర్నాడు భద్రపరిచే విభాగం వాళ్లతో కలిసి భూతద్దం కింద ఒక్కో ఆకూ చూశాం. పదిహేడో ఆకు దగ్గర గీత మారింది. ఆ ముక్క ఫైలులో, తయారు చేసినవారు అన్న చోట, ‘కనీసం ఇద్దరు’ అని రాశారు.