సొంత జట్టు బ్యాట్స్‌మన్‌కే వేలెత్తిన కుర్రాడు

ఈ ఆదివారం మొత్తం క్రికెట్టే, అదీ టీవీలో కాదు, బౌండరీ గీత పక్కన కూర్చుని. పొద్దున ఒక ఊళ్ళో టెన్నిస్ బాల్ మ్యాచ్, మధ్యాహ్నం పక్క ఊళ్ళో లెదర్ బాల్ మ్యాచ్. నాకు కావాల్సినవాళ్ళు ఏ జట్టులోనూ లేరు కాబట్టి ఎవరు గెలుస్తారో అన్న టెన్షన్ లేకుండా ఆట చూశాను. ఆడేవాళ్ళ మాటలు కూడా వినిపించేంత దగ్గర కూర్చుంటే స్టేడియంలో ఎప్పటికీ దొరకనివి చాలా దొరుకుతాయి.

పొద్దున మ్యాచ్‌లో టాస్ కంటే ముందు రూల్స్ మాట్లాడుకోవడానికే చాలాసేపు పట్టింది. లాంగాన్ వైపు, అంటే బౌలర్ వెనకాల దూరంగా, బౌండరీ లోపలే ఒక పెద్ద చెట్టుంది. బంతి కొమ్మకు తగిలితే రెండు పరుగులు, తగిలి కింద పడేటప్పుడు పట్టుకున్నా క్యాచ్ కాదు అని ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకున్నారు. ఊళ్ళో ఆటలకే ఇలాంటి రూల్స్ ఉంటాయని అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీ ఆడే కాంటర్‌బరీ గ్రౌండ్‌లో బౌండరీ లోపల ఇలాగే ఒక చెట్టుండేది, బంతి దానికి తగిలితే నాలుగు పరుగులు. 2005లో ఆ చెట్టు గాలికి విరిగిపోయింది. అసలు బౌండరీ లెక్కలన్నీ టాస్‌కి ముందే అంపైర్లు కెప్టెన్లతో మాట్లాడుకోవాలని లండన్‌లోని ఎంసీసీ క్లబ్ రాసే క్రికెట్ రూల్స్‌లోనే ఉంది.

చెట్టు సంగతి తేలాక ఇంకో షరతు, ఎల్బీ లేదు, అంటే స్టంపులకి వెళ్ళే బంతి కాలికి తగిలి ఆగినా అవుట్ కాదు. టెన్నిస్ బాల్ మ్యాచ్‌ల్లో చాలాచోట్ల ఇంతే. అంపైర్లు బయటినుంచి రారు, బ్యాటింగ్ చేసే జట్టు వాళ్ళే ఇద్దరు నిలబడతారు. వాళ్ళ చేత ఎల్బీ ఇప్పించాలంటే గొడవ ఖాయం కాబట్టి మొదట్నుంచీ తీసేస్తారు. ఎందుకు తీసేస్తారో నాకు అర్థమవుతుంది, కానీ దానివల్ల ఆట ఎంత మారిపోతుందో ఇవాళ కళ్ళారా చూశాను. ప్రతి బ్యాట్స్‌మనూ మూడు స్టంపులకూ అడ్డంగా జరిగి, వచ్చిన బంతిని వచ్చినట్టు లెగ్ సైడుకి లాగడమే. తగిలితే సిక్స్, తగలకపోతే కాలు ఉండనే ఉంది. 1744లో రాసిన మొదటి క్రికెట్ రూల్స్‌లో కూడా ఎల్బీ లేదు. 1774లో చేర్చారు, కావాలని కాలు అడ్డం పెట్టి బంతిని ఆపేవాళ్ళ కోసం.

అలాంటి ఆటలో బౌలర్‌కి మిగిలేది యార్కర్, అంటే నేరుగా బ్యాట్స్‌మన్ కాళ్ళ దగ్గర పడే బంతి, ఒక్కటే. టెన్నిస్ బంతికి సీమ్, అంటే కుట్టు, ఉండదు, కాస్త పొట్టిగా వేస్తే బ్యాట్స్‌మన్ ఛాతీ దాకా లేచి సిక్స్‌కి సిద్ధంగా నిలబడుతుంది. కాలి వేళ్ళ దగ్గర వేస్తే బ్యాట్ కిందికి రావడానికి టైం చాలదు. చివరి ఓవర్ వేసిన ఎడమచేతి వాటం కుర్రాడు అదే చేశాడు. చెప్పుల్లేవు, రనప్ నాలుగడుగులే, ప్రతి బంతికీ ముందు అరచేతిని ప్యాంటుకి గట్టిగా రుద్దుకుంటున్నాడు. తొమ్మిది పరుగులు కావాల్సిన ఓవర్‌లో మూడే ఇచ్చాడు. సేలం దగ్గర చిన్నప్పంపట్టి నుంచి వచ్చిన బౌలర్ నటరాజన్ కూడా టెన్నిస్ బాల్ మ్యాచ్‌ల్లోనే ఆ యార్కర్ నేర్చుకున్నాడు, 2020-21 ఆస్ట్రేలియా టూర్‌లో మూడు ఫార్మాట్లలోనూ ఇండియాకి తొలి మ్యాచ్ ఆడేశాడు. అతని కథ తెలిసినవాళ్ళు ఇలాంటి చివరి ఓవర్ చూస్తూ మామూలుగా కూర్చోలేరు.

మధ్యాహ్నం మ్యాచ్ వాతావరణమే వేరు. నేను వెళ్ళేసరికి ఇంకా పిచ్ మీద మ్యాట్ పరుస్తున్నారు. చుట్టగా ఉన్న మ్యాట్‌ని దొర్లించి, రెండు చివర్లా నలుగురేసి పట్టుకుని గుంజి, అంచుల వెంట మేకులు దిగ్గొడుతున్నారు. ఒక పెద్దాయన పిచ్ మీద అటూ ఇటూ నడుస్తూ ఎక్కడైనా ముడత ఉందేమో పాదంతో తడుముతున్నాడు. ముడత మీద లెదర్ బాల్ పడితే ఎటు లేస్తుందో తెలియదు. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు, లెదర్ బాల్ 155.9 నుంచి 163 గ్రాముల దాకా ఉంటుంది, అది మొహానికి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆయన సరే అనేదాకా ఎవరూ ఆట మొదలుపెట్టలేదు.

స్కోరు రాసేది కూడా ఆ పెద్దాయనే. అంపైర్ వైడ్ అన్నా, బై అన్నా, ఆయన చెయ్యెత్తి చూపించేదాకా తర్వాతి బంతి పడలేదు. రూల్ కూడా అదే, స్కోరర్ ఒప్పుకునేదాకా అంపైర్ ఆగాలి. టీవీ మ్యాచ్‌లో మనకి కనబడదు గానీ ఇక్కడ ఆ చిన్న పని ఎంత శ్రద్ధగా జరిగిందో చూస్తుంటే నాకు చాలా సంతోషమేసింది.

ఈ మ్యాచ్‌లో ఎల్బీ ఉంది. అంపైర్లు మాత్రం ఇక్కడా బ్యాటింగ్ జట్టు వాళ్ళే. ఛేజింగ్‌లో 31 బంతుల్లో 34 కావాలి, బాగా కుదురుకున్న బ్యాట్స్‌మన్ క్రీజులో ఉన్నాడు, బౌలర్ వైపు అంపైర్‌గా పదో నంబర్‌లో ఆడాల్సిన కుర్రాడు కాళ్ళకి ప్యాడ్లు కట్టుకునే నిలబడ్డాడు. బంతి మిడిల్ స్టంప్ లైన్లో పడి కొంచెం లోపలికి వచ్చి ముందు ప్యాడ్‌కి తగిలింది. అందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ కుర్రాడు ఒక్క క్షణం పిచ్ వైపు చూసి వేలెత్తేశాడు, అవుటని.

బ్యాట్స్‌మన్ నమ్మలేనట్టు అక్కడే నిలబడిపోయాడు. బయట నుంచి ఒకతను "ఏరా, వాడు మనోడేరా!" అని అరిచాడు. కెప్టెన్ లేచి "ఇచ్చేశాడుగా, ఇంక వదిలెయ్యండి" అన్నాడు, ఆ కుర్రాణ్ణి పక్కకి తప్పించి ఇంకొకణ్ణి పంపనూ లేదు. నాకు ఆ కెప్టెన్ మీద కూడా గౌరవం కలిగింది.

టెస్టుల్లో అంపైర్లు సొంత దేశం వాళ్ళే ఉంటున్నారని ఎన్నేళ్ళు గొడవ జరిగింది! 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి మన అంపైర్లు పిలూ రిపోర్టర్, వి.కె. రామస్వామి వెళ్ళి నిలబడ్డారు. 1994 నుంచి టెస్టుకి ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అయ్యారు. అంపైర్ నిర్ణయాన్ని కెమెరాల్లో మళ్ళీ చూసే డీఆర్‌ఎస్ ప్రయోగాలు 2008లో మొదలయ్యాయి. ఇన్ని చేసినా ఇప్పటికీ ఎల్బీ దగ్గర వాదనలు ఆగలేదు. ఇక్కడ కెమెరా లేదు, రెండో అవకాశం లేదు, అవుటైనవాడితోనే ఆ కుర్రాడు సాయంత్రం బండెక్కి ఇంటికెళ్ళాలి. అయినా ఇచ్చాడు. ఎల్బీ పెడితే ఊళ్ళో మ్యాచ్‌లు నడవవు అనేవాళ్ళకి నేను ఇదే చెబుతాను, కుర్రాళ్ళని నమ్మి చూడండి. బౌలర్లకి ఇన్‌స్వింగ్, అంటే గాలిలో లోపలికి తిరిగే బంతి, నేర్చుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది, బ్యాట్స్‌మన్లకి కాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఆ కుర్రాడి జట్టుకి మ్యాచ్ ఏడు పరుగుల తేడాతో పోయింది. ప్యాడ్లు విప్పుకుంటున్న ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి, అంత టైట్‌గా ఉన్నప్పుడు అనుమానం రాలేదా అని అడిగాను. "అనుమానం ఉంటే ఇవ్వనన్నా. మిడిల్లో పడింది, లోపలికొచ్చింది, స్టంప్స్‌కే పోతోంది" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

కాసేపటికి కెప్టెన్ జట్టు మొత్తాన్ని స్కోరర్ పెద్దాయన చుట్టూ కూర్చోబెట్టాడు. ఎల్బీ గురించి ఒక్కరూ మళ్ళీ ఎత్తకుండా పుస్తకం తెరిపించి, పదకొండో ఓవర్ నుంచి పదిహేనో ఓవర్ దాకా వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టాడు. ముప్పై బంతుల్లో పంతొమ్మిది డాట్ బాల్స్, అంటే పరుగు రానివి. "మ్యాచ్ ఇక్కడ పోయింది" అన్నాడు. సింగిల్స్ తియ్యకుండా ఎవరెవరు ఎన్ని బంతులు ఆపారో పేరుపేరునా చదివించాడు, అందులో తన పేరు కూడా ఉంది.