వైజాగ్ ఉక్కపోతలో పరుగు: పొడి డబ్బా మానేశాక

ఏప్రిల్ నెల, ఉదయం ఆరున్నర. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర పరుగు మొదలుపెట్టేసరికే ఒళ్లంతా జిడ్డు. ఫోన్‌లో చూస్తే 28 డిగ్రీలే, తేమ మాత్రం 84 శాతం. ఆ ఏడాది చివర్లో హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, పరుగెత్తాలని నా పట్టుదల. అప్పటికి ఎనిమిది కిలోమీటర్లు దాటితే కాళ్లు లాగేసేవి.

జిమ్‌లో పరిచయమైన అమ్మాయి "అక్కా, ఇది తాగి వెళ్లు, ఎండలో నీరసం రాదు" అని ప్రీ-వర్కవుట్ పొడి గురించి చెప్పింది. రెండు వేల చిల్లర పెట్టి కొన్నాను. ఆ రోజు ఇంట్లో కాఫీ తాగి, దాని మీద ఒక స్కూప్ వేసుకున్నాను. పది నిమిషాలకు బుగ్గలు, చేతివేళ్లు చీమలు పాకినట్టు చిమచిమలాడాయి. మందు పనిచేస్తోంది అనుకున్నాను. నిజంగానే కాళ్లు తేలిగ్గా ఆడాయి. అప్పుఘర్ దాటేవరకు అలసటే తెలియలేదు. దాటాక ఒక్కసారిగా గుండె దడదడలాడింది, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి.

కొబ్బరిబొండాలాయన పరుగున వచ్చి "ఏటమ్మా, ఇలాగైపోనావ్, కూకో కూకో" అని నీడలో కూర్చోబెట్టి, నెత్తిన, మెడ మీద నీళ్లు పోశాడు. ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరు గారు ఈసీజీ తీయించి, భయం లేదన్నారు. తర్వాత "ఆ డబ్బా తీసుకురండమ్మా" అన్నారు. వెనకవైపు అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాం. స్కూప్‌కి కెఫీన్ 300 మిల్లీగ్రాములు. కండరాలు త్వరగా అలిసిపోకుండా వేసే బీటా అలనీన్ కూడా ఉంది, చిమచిమ దానివల్లే, అది హాని చేయదట. మిగతా నాలుగైదు పేర్లను 'ప్రొప్రైటరీ బ్లెండ్' కింద కలిపేశారు, ఏది ఎంతో రాయలేదు. కెఫీన్ ఓర్పు పెంచే మాట నిజమే, కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల దాకా పనిచేస్తుంది. నా బరువు 58 కిలోలు. కాఫీతో కలిపి ఆ హద్దు దాటేశాను.

నన్ను ఎక్కువగా కదిలించింది ఆయన చెప్పిన ఇంకో మాట. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. వైజాగ్ తేమలో అది ఆరదు. లోపల వేడి పెరుగుతున్నప్పుడు ఒళ్లు ఆగమని చెప్పేది అలసటతోనే. నేను డబ్బు పెట్టి కొనుక్కున్నది ఆ అలసట తెలియకుండా చేసే పొడిని.

డబ్బా పక్కన పెట్టేసి రెండు వారాలు ఒంటిని వేడికి నెమ్మదిగా అలవాటు చేసుకున్నాను. మొదట ఇరవై నిమిషాలు, అదీ నడక కలిపి. రోజూ కొంచెం పెంచుతూ పోయాను. పది, పద్నాలుగు రోజుల్లో రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరుగుతుంది, చెమట ముందుగానే పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నా నల్ల టీషర్టు మీదే ఆ తేడా కనిపించింది. మొదట్లో ఆరాక వీపు మీద సున్నం గీసినట్టు తెల్లటి చారలు ఉండేవి. మూడో వారానికి అవి సన్నబడ్డాయి.

నీళ్ల లెక్క కూడా నేర్చుకున్నాను. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోవాలి. ఒక రోజు 58.2 నుంచి 57.1కి దిగాను, మధ్యలో తాగింది 400 మిల్లీలీటర్లు. అంటే గంటన్నరలో లీటరున్నర చెమట పోయిందన్నమాట. అలాగని బిందెడు మంచినీళ్లు తాగేయకూడదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలో ఉప్పు, ప్రమాదకరంగా తగ్గి ఉంది. వాళ్లలో చాలామంది పరుగులో బరువు పెరిగినవాళ్లు, అంటే అతిగా తాగినవాళ్లు. ఇది చదివాక నాకు నిజంగా భయమేసింది.

ఇప్పుడు గంట దాటే పరుగులకు మందుల షాపులో దొరికే అసలు ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకుంటాను. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. పేగుల్లో ఆ రెండూ కలిసి నీటిని లోపలికి లాగుతాయి. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకుని తియ్యటి డ్రింకులు అమ్మేవాళ్లు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని చెప్పింది. మంచి పని చేశారు. కొబ్బరినీళ్లు నాకు ప్రాణం, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందుకే ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ తప్పనిసరి.

డిసెంబరులో ఆ 21.1 కిలోమీటర్లూ పూర్తిచేశాను, రెండు గంటల నలభై ఒక్క నిమిషాలు. మరుసటి ఆదివారం అప్పుఘర్ దాటి ఆ బొండాలాయన దగ్గరికి వెళ్లి మెడల్ చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, లేత బొండం ఒకటి కొట్టి ఇచ్చాడు. ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు.