సభ్యత్వ పుస్తకం ఎవరి సంచిలో ఉండాలి?

మా పార్టీ పేరు చెబితే చాలామంది "అలాంటిది ఒకటి ఉందా?" అని అడుగుతారు. ఉంది. ఎన్నికల సంఘం దగ్గర నమోదైంది, గుర్తింపు మాత్రం రాలేదు. దానికి చండూరు మండల శాఖలో నేను కోశాధికారిని. పాల కేంద్రంలో లెక్కలు రాసిన చేయి కదా అని రసీదు పుస్తకం, పద్దు పుస్తకం, రబ్బరు స్టాంపు నా సంచిలో పెట్టారు.

సభ్యత్వం ఏడాదికి 50 రూపాయలు. అందులో 20 మండలానికి, 20 జిల్లాకు, 10 రాష్ట్రానికి. ఈ లెక్కన ఆఫీసు గది అద్దె ఎన్నటికీ రాదు కాబట్టి, ఒక సభ్యుడి టైలర్ షాపులో ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటాం. కత్తిరించిన జాకెట్టు ముక్కలు పక్కకు జరిపి బల్ల మీద మినిట్స్ రాస్తాను.

రాష్ట్ర కార్యాలయం ఏటా జూన్‌లోనే సభ్యత్వ నమోదు చేయమంటుంది. వాళ్లలో పత్తి వేసేవారు ఎవరూ లేరని నా అనుమానం. విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు అన్నీ ఒకేసారి మీద పడే నెల అది. నేను సంక్రాంతికి అటూ ఇటూ తిరుగుతాను. అప్పటికి పత్తి డబ్బులు చేతికి వచ్చి ఉంటాయి, మనుషులు కూర్చోమని కూడా అంటారు.

మగవాళ్లు సాధారణంగా వంద నోటు ఇచ్చి "మా ఇద్దరికీ రాయండి అక్కా" అంటారు. రెండో రసీదు ఆయన చేతికి ఇవ్వను, లోపలి నుంచి ఆమెను పిలిపించి ఇస్తాను. "ఇది దేనికి?" అని ఆమె అడుగుతుంది. చెప్పడానికి సమయం పడుతుంది, ఒక్కోసారి "నాకు వద్దు" అని వెనక్కి ఇచ్చేస్తుంది కూడా. అలా వివరం అడిగి తీసుకున్న ఒకామె తర్వాతి సమావేశానికి వచ్చి, టీ ఖర్చు 340 రూపాయలు ఎలా అయిందని నన్ను అందరి ముందు నిలదీసింది. లెక్క చూపించాను. ఇప్పుడు ఆమే మా ఆడిటర్.

ఇక అసలు సంగతి. టికెట్ మీద ఆశ ఉన్న ఒకాయన మా శాఖలో ఉన్నాడు. "అక్కా, ఇల్లిల్లూ తిరగడం ఎందుకు? రెండు వందల మంది పేర్లు రాయండి, పదివేలు నేనే ఇస్తాను" అన్నాడు. రాజకీయ పార్టీ రెండు వేలు దాటిన విరాళాన్ని నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను మినహాయింపు పోతుందని చెప్పాను. "అయితే ఐదుగురి పేర్ల మీద రాసుకోండి" అన్నాడు. లెక్కలు బాగా వచ్చిన మనిషే.

ఆ రెండు వందల మందికి తాము సభ్యులమని తెలియదు. కానీ ఆయనకు తెలుస్తుంది. రేపు శాఖ ఎన్నికల్లో ఆ పుస్తకం ఆయనదే అవుతుంది, మిగిలిన మేము ఆయన అతిథులం.

నామినేషన్ రోజున ఇంకొక చిక్కు ఉంది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఆ నియోజకవర్గ ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. మాలాంటి వాళ్లకు పదిమంది కావాలి. ఈ నిబంధన రావడంలో మన జిల్లాకూ వాటా ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని నల్లగొండలో జనం నామినేషన్లు గుట్టలుగా వేశారు. 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పుస్తకమంత అయింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి పదివేలకు పెంచారు, మాలాంటి వాళ్లకు పదిమంది ప్రతిపాదకులను తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000. అసెంబ్లీకి పదివేలు, ఎస్సీ ఎస్టీలకు అందులో సగం.

వేలిముద్ర వేసేవాళ్లు ప్రతిపాదకులైతే అధికారి ఎదుటే వేయాలి. అంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి వచ్చి, వరుసలో నిలబడాలి. 2023లో మాకు అలా వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి తమ 50 తామే కట్టినవాళ్లు. డిపాజిట్ దక్కలేదు, అది వేరే కథ. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటాలంటే మాకు ఇంకా చాలా దూరం.

"గెలవని పోటీ ఎందుకు?" అని మా వాళ్లే అడుగుతుంటారు. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను జాబితా నుంచి తీసేసింది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ నిలబడనివి, ఇచ్చిన చిరునామాలో ఆచూకీ లేనివి అవి. టైలర్ షాపు అయినా సరే, మాకంటూ ఒక చిరునామా ఉంది.

మొన్నటి జిల్లా సమావేశంలో రుసుము వంద చేద్దామని ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. నిజాం కాలంలో ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాల్లోకి దించాకే పేదలు సంఘంలోకి వచ్చారని గుర్తు చేశాను. ఒకాయన "అప్పటి రూపాయి ఇప్పుడు ఎంత అవుతుందో తెలుసా?" అని మొదలుపెట్టాడు. భోజనాల వేళ అయింది కాబట్టి బతికాం. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఈ ఏడు పుస్తకంలో సగం రసీదులు చిరిగాయి. పదివేలు ఇస్తానన్న ఆయన మాత్రం తన 50 ఇంకా కట్టలేదు. ఇల్లు బస్టాండు వెనకే, ఆదివారం వెళ్లి అడుగుతాను.