లొల్లి అనకముందు శ్రుతి పట్టండి

శనివారాలు రికార్డుల దుకాణంలో పనిచేసే బిడ్డ ఇంటికొచ్చి, గొంతే వినబడని సైకెడెలిక్ రికార్డు (మనసును తేలించేలా సాగే సంగీతం) ఒక పక్క మొత్తం మోగిస్తే, పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన అమ్మానాన్నల నోట ముందుగా వచ్చే మాట "ఏం లొల్లి బిడ్డా, బంద్ జెయ్యి" అనే. ఆ మాటకు ముందు ఒక పని చేయాలి. అడుగున ఆగకుండా మోగే స్వరం ఏదో పట్టుకోవాలి. అది దొరికితే మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది.

మొదట అమెరికా జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్ట్రేన్ 1971 రికార్డు 'జర్నీ ఇన్ సచ్చిదానంద' పెట్టించుకోండి. పేరు ఆమె గురువు స్వామి సచ్చిదానందది. అడుగున తంబురా, మీద ఆమె హార్ప్ (నిలువు తంతుల వాద్యం), ఫరోవా శాండర్స్ శాక్సఫోన్. భజన విన్న చెవికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. తర్వాత అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ 1969 రికార్డు 'ఎ రెయిన్‌బో ఇన్ కర్వ్‌డ్ ఎయిర్'. అన్ని వాద్యాలూ ఆయన ఒక్కడే వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మరుసటి ఏడాదే హిందుస్తానీ సంగీతంలో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు.

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టేది మాత్రం చరణ్‌జిత్ సింగ్ 1982లో చేసిన 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. బొంబాయి సినిమా పాటలకు వాయించిన మనిషి, రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్య యంత్రాలు మూడింటితో పది రాగాలు వాయించాడు: టీబీ-303 (మంద్ర స్వరాలకు), టీఆర్-808 (తాళానికి), జూపిటర్-8 (సింథసైజర్). 303లో స్వరం నుంచి స్వరానికి జారే గుణం ఉంది. గమకానికి అలవాటైన చెవి దాన్నే ముందు పట్టుకుంటుంది. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, 2010లో మళ్లీ అచ్చయ్యాకే ప్రపంచం విన్నది. ఇందులోని మాల్కౌన్స్ మన హిందోళం, యమన్ మన కల్యాణి. బిడ్డకు యంత్రాల పేర్లు తెలుసు, మీకు రాగాల పేర్లు తెలుసు. ముచ్చట అక్కడ మొదలవుతుంది.

సైకెడెలిక్ అనే మాట వినగానే మత్తుమందుల భయం సహజమే, 1960లలో ఆ సంబంధం నిజంగా ఉంది. ఆ సంగతి బిడ్డనే నేరుగా అడగండి, రికార్డు దాచిపెట్టి కాదు.

మన వైపు నుంచి ఇవ్వాల్సింది శాస్త్రీయ సంగీతమే కానక్కర్లేదు. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల కళాకారుల జమిడికకు ఒక పక్కే తోలు, దాని నడుమ నుంచి తంతి. తంతి బిగువు మారిస్తే మీటే కొద్దీ స్వరం సాగుతుంది, జారుతుంది. సింథసైజర్ తెలిసిన పిల్లలకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర (పద్మశ్రీ 2022), నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప బుర్రవీణ (పద్మశ్రీ 2024) వీడియోల్లో దొరుకుతాయి. 'మన సంస్కృతి, నేర్చుకో' అని పెట్టొద్దు. కోల్ట్రేన్ తర్వాతి రికార్డుగా పెట్టండి.

ఇలాంటి రికార్డులు కొనేటప్పుడు ఒక చిక్కుంది. మామూలు పాటలో దాగిపోయే లోపం సాగే శ్రుతిలో బయటపడుతుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో రికార్డు 1.8 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. నడిమి రంధ్రం కొంచెం పక్కకు ఉంటే ప్రతి చుట్టుకూ శ్రుతి ఊగుతుంది. సూది చేయి కుడిఎడమలకు ఊగితే రంధ్రం తప్పు, పైకీ కిందికీ లేస్తే రికార్డు వంగింది. రెండోది చాలాసార్లు ఇంట్లోనే జరుగుతుంది, రికార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చడం వల్ల, ఎండలో కారులో వదలడం వల్ల. నిలువుగా పెట్టాలి. సూది బరువు కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే ముక్క) కంపెనీ చెప్పినంతే ఉండాలి, చాలావాటికి 1.5 నుంచి 2.5 గ్రాములు. తక్కువ పెడితే రికార్డుకు మంచిదనుకుంటారు, కానీ సూది ఎగిరి గాడినే కొడుతుంది. స్పీకర్లు అదే బల్ల మీద పెడితే వాటి అదురు సూదికి ఎక్కి గుంయ్‌మని మోత పుడుతుంది.

ఊరికి పోయినప్పుడు నానమ్మ బతుకమ్మ పాట రికార్డు చేయించండి, ఆ పని బిడ్డకే అప్పజెప్పండి. ఫ్యాన్ ఆపాలి. ఫోను మూతికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గట్టిగా పాడినప్పుడు కూడా రికార్డింగ్ యాప్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటొద్దు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే ధ్వని నలుగుతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

తర్వాత 'ఉయ్యాలో' అనే వంత, చప్పట్లు కలిపి 10 సెకన్ల ముక్క కత్తిరించి, ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు వరుసల్లో మళ్లీ మళ్లీ మోగేలా తిప్పండి. రెండోదానికి టెంపో (శ్రుతి మారకుండా లయ వేగం) 0.5 శాతం పెంచాలి. స్పీడు పెంచితే శ్రుతి కూడా మారిపోతుంది, అందుకే టెంపో. ఒక్కో చుట్టుకు దాదాపు 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, 20 చుట్లకు ఒక సెకను. 1965లో అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ రెండు టేపు యంత్రాలతో చేసింది ఇదే పని. చప్పట్లు ముందు జంటగా, తర్వాత ఎదురెదురుగా పడుతుంటే వాడలో ఇంకో వలయం ఆడుతున్నట్టే ఉంటుంది. అయ్యాక నానమ్మకు ఫోనులో వినిపించండి.