మంచం పక్కనే చేసిన రెండో స్కాన్

నాకు ప్లీహం లేదు, అంటే కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్ అనే అవయవం. బైక్ యాక్సిడెంట్‌లో అది చిట్లి లోపల రక్తం కారుతుంటే ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాను, పొలం పనులు కూడా చేసుకుంటున్నాను. అసలు ఆ రక్తం సంగతి ఎలా తెలిసిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను, ఎందుకంటే బయటికి చూస్తే నాకు ఏమీ కానట్టే ఉంది.

సూర్యాపేట దాటాక హైవే మీద ఒక ఆటో సడన్‌గా అడ్డం తిరిగింది. బండి జారి హ్యాండిల్ చివర నా ఎడమ డొక్కలో గట్టిగా పొడుచుకుంది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేం కాలేదు, మోచేతులు గీసుకుపోయాయి అంతే. వెనక కూర్చున్న మా బావకి కాలు విరిగింది. 108 వచ్చేసరికి నేను లేచి కూర్చుని ఆయన్ని పట్టుకుని ఉన్నాను, దాంతో అందరి దృష్టీ ఆయన కాలి మీదే.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. నా బీపీ బాగానే ఉంది, పల్స్ మాత్రం కొంచెం ఎక్కువ. ఆమె చక్రాల మీదున్న చిన్న స్కానింగ్ మెషీన్‌ని మంచం దగ్గరికి లాక్కొచ్చి, జెల్ పూసి, కుడివైపు కాలేయానికీ కిడ్నీకీ మధ్య, ఎడమవైపు ప్లీహానికీ కిడ్నీకీ మధ్య, పొత్తికడుపులో మూత్రాశయం వెనక, గుండె చుట్టూ, ఇలా నాలుగు చోట్ల చూశారు. ఛాతీ మీద కూడా పెట్టి ఊపిరితిత్తులు సరిగ్గా కదులుతున్నాయా లేదా చూశారు. దీన్ని ఫాస్ట్ స్కాన్ అంటారట, కొద్ది నిమిషాల పని. ఏమీ కనపడలేదు.

కాసేపటికి ఎడమ భుజం నొప్పి మొదలైంది, పడుకుంటే ఇంకా ఎక్కువ. నర్సుకి చెప్తే ఆమె డాక్టర్‌ని పిలిచారు.

"భుజం మీద పడ్డారా అన్నా?"

"లేదు మేడమ్, కడుపుకే తగిలింది."

ఆమె ఇంకో మాట అడగలేదు, మళ్లీ మెషీన్ లాగారు. ఈసారి ప్లీహం పక్కన సన్నగా నల్లటి చార. స్కాన్‌లో ద్రవం నల్లగా కనిపిస్తుంది, దెబ్బ తగిలిన మనిషి కడుపులో అంటే అది రక్తమనే అనుకోవాలి. ఆ రక్తం పైనున్న డయాఫ్రమ్‌ని, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరాన్ని, తాకితే నొప్పి భుజంలో తెలుస్తుందట. మొదటిసారి కనపడకపోవడానికి కారణం కూడా తర్వాత ఆమే చెప్పారు: సుమారు 200 మిల్లీలీటర్లు చేరేదాకా చాలాసార్లు ఈ స్కాన్‌లో తెలియదు. అందుకే అనుమానం ఉంటే మళ్లీ మళ్లీ చూడాలి. మంచం దగ్గరే మెషీన్ ఉంటేనే కదా అది కుదిరేది!

అప్పటికే బీపీ పడిపోతోంది. సీటీ స్కాన్ గది ఇంకో బ్లాక్‌లో ఉంది. అలాంటి స్థితిలో మనిషిని అక్కడికి తీసుకెళ్లి మెషీన్‌లో పడుకోబెడితే ప్రాణం మీదికి వస్తుందని, సర్జన్ ఆ నల్ల చార చూసి నేరుగా థియేటర్‌కే తీసుకెళ్లారు. నాకు రక్తం ఎక్కిస్తూనే ఆపరేషన్ చేశారు. 1965 నుంచి చాలా ఏళ్లపాటు ఇలాంటి అనుమానం వస్తే కడుపుకి చిన్న గాటు పెట్టి, ట్యూబ్ వేసి, సెలైన్ పంపి, బయటికొచ్చే నీళ్లలో రక్తం ఉందా అని చూసేవారట. 1990లలో స్కాన్ వచ్చి ఆ బాధ చాలావరకు తప్పించింది.

జిల్లా ఆసుపత్రుల క్యాజువాలిటీలన్నిటిలో, రాత్రి రెండు గంటలకైనా సరే, ఈ మెషీన్, చేయగల డాక్టర్ ఉండాలని గట్టిగా అనుకుంటున్నాను. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం ప్రతి స్కానింగ్ మెషీన్‌నీ రిజిస్టర్ చేయించాలి. ఆడపిల్లల కోసం ఆ చట్టం ఉండి తీరాలి. ఆ లెక్కాపత్రం అంతా సరిగ్గా ఉంచుకుంటూనే ఎమర్జెన్సీ డాక్టర్లకి శిక్షణ ఇప్పించవచ్చు.

ఇంకో సంగతి, పేగు చిరిగినా, వెనకవైపు కిడ్నీల దగ్గర రక్తం కారినా ఈ స్కాన్ పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి "స్కాన్‌లో ఏం లేదన్నారు, ఇంటికి పోదాం పదండి" అని మీవాళ్లు తొందరపడితే వినకండి. కళ్లు తిరిగినా, భుజం లాగినా, కడుపు గట్టిపడినా వెంటనే చెప్పండి.

కోలుకోవడం నెమ్మదిగానే సాగింది. దగ్గు వస్తే కుట్లు చిరిగిపోతాయేమోనని టెన్షన్, దిండు కడుపుకి అదుముకుని దగ్గేవాణ్ణి. అమ్మ పథ్యం పెట్టింది, బావ కాలికి కట్టుతో పక్క మంచం మీద. న్యుమోకోకల్, మెనింజోకోకల్, హిబ్ టీకాలు వేశారు, ఎందుకంటే ప్లీహం లేనివాళ్లకి కొన్ని ఇన్‌ఫెక్షన్లు చాలా వేగంగా ముదురుతాయి. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోవద్దని, వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పి పంపారు. ప్లీహం లేదని రాసిన కార్డు పర్సులో పెట్టుకున్నాను. మొన్న వానల్లో జ్వరం వస్తే ఆ కార్డు చూపించగానే లైన్లో నిలబెట్టకుండా లోపలికి తీసుకుని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు.